రెండు తెల్ల ఫించ్‌లకు గ్రే పిల్లలు పుట్టాయేంటి?

ప్రశ్న: అయ్యా, మాది మురళీనగర్. అపార్ట్‌మెంట్ బాల్కనీలో మూడు కేజ్‌ల్లో మూడు జతల జీబ్రా ఫించ్ పిట్టలు పెంచుతున్నాం. ఒకదాంట్లో ఫాన్ (లేత గోధుమ రంగు) పోతు, గ్రే (బూడిద రంగు) పెట్ట. వాటికి ఐదు పిల్లలు. మూడు ఫాన్, రెండు గ్రే. ఎదిగాక చూస్తే ఫాన్‌వి మూడూ పెట్టలే, గ్రేవి రెండూ పోతులే. రెండో కేజ్‌లో రెండూ తెల్లవే. పోతు మచ్చలేని తెలుపు. పెట్టకి మాత్రం కంటి కింద సన్నటి బూడిద గీత, తోక మీద లేత చారలు ఉన్నాయి. వాటికి పుట్టిన నాలుగూ గ్రే! అమ్మినాయన్ని అడిగితే ‘పక్క కేజ్ పోతు కలిసుంటది మేడమ్’ అంటాడు. తలుపులకి క్లిప్పులు కూడా పెట్టాం, అదెలా కుదురుతుంది? మూడో జతలో రెండింటికీ తల మీద జుట్టు ఉంది. ప్రతిసారీ ఐదారు గుడ్లు పెడతాయి, ఒకటో రెండో పిల్ల అవకుండానే లోపల చచ్చిపోతున్నాయి. ఈసారి క్రీమ్ రంగు పిల్లలు కావాలని మా పాప పట్టు. ఇంట్లో పుట్టిన ఫాన్ పెట్టని దాని అన్నతోనే జత కట్టొచ్చా? ఇంకో మాట, సైకిల్ మీద తిరిగే ఒకతను ఆకుపచ్చ, గులాబీ రంగు ఫించ్‌లు అమ్ముతున్నాడు. అవి తెచ్చి మా తెల్లవాటితో కలపొచ్చా?
— ఒక పాఠకురాలు, మురళీనగర్, విశాఖపట్నం

జవాబు: అమ్మా, రెండో కేజ్ చిక్కుముడికి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. తెల్ల పెట్ట కంటి కింద గీత ఉందని, తోక మీద చారలు ఉన్నాయని రాశారు చూడండి, కథంతా అక్కడే ఉంది. పక్క కేజ్ పోతుకి ఏ పాపమూ తెలీదు.

షాపుల్లో లేత రంగు జీబ్రా ఫించ్ ఏది కనబడినా వైట్ అనే అమ్మేస్తారు. నిజానికి అందులో రెండు వేర్వేరు రకాలు కలిసిపోతుంటాయి. ఒకటి అసలైన వైట్. దీని ఈకల్లో ఎక్కడా రంగుండదు. బుగ్గ మీద నారింజ మచ్చ, ఛాతీ మీద నల్ల పట్టీ, డొక్కల మీద చుక్కలు, అన్నీ మాయం. ముక్కు, కాళ్ళు మాత్రమే రంగులో మిగులుతాయి. అందుకే ఇందులో పోతునీ పెట్టనీ ముక్కు చూసి పోల్చుకోవాలి. పోతుది ముదురు ఎరుపు, పెట్టది నారింజ. అప్పటికీ అనుమానమైతే కాసేపు చెవి పెట్టి వినండి, పాట పాడేది పోతు ఒక్కటే. 1921లో సిడ్నీలో పంజరాల్లో మొదటిసారి కనబడిన రంగు ఇది. ఆస్ట్రేలియా మెట్ట నేలల్లో గుంపులుగా తిరిగే అడవి జీబ్రా ఫించ్‌లు చూస్తే దాదాపు అన్నీ గ్రేలే.

రెండో రకం చెస్ట్‌నట్ ఫ్లాంక్డ్ వైట్. పెంచేవాళ్ళు పొట్టిగా సీఎఫ్‌డబ్ల్యూ అంటారు. దీని ఒళ్ళు తెలుపే, కాకపోతే గుర్తులు చెరిగిపోవు. పోతుకైతే బుగ్గ మచ్చ, డొక్కల మీద ఇటుక రంగు కనబడుతూనే ఉంటాయి కాబట్టి దాన్ని ఎవరూ వైట్ అని పొరబడరు. పెట్టతోనే వస్తుంది తంటా. జీబ్రా పెట్టకి మామూలుగా బుగ్గ మచ్చ, డొక్క చుక్కలు ఉండవు కదా, ఇక మిగిలేవి కంటి కింద గీత, తోక చారలు. అవి కూడా లేతబడి ఉంటాయి. షాపులో ట్యూబ్‌లైట్ కింద, పాతిక పిట్టలు గెంతుతున్న కేజ్‌లో ఆ గీతని ఎవరు చూస్తారు? రేపు ఉదయం ఎండ బాల్కనీలోకి వచ్చినప్పుడు రెండింటినీ పక్కపక్కన చూడండి. పోతు పూర్తి తెలుపు, పెట్ట కాస్త మీగడ రంగు. అమ్మినాయన మోసం చేశాడని అనలేను, ఆయనకీ తెలిసి ఉండదు.

మరి రెండు తెల్లవాటికి గ్రేలు ఎలా పుట్టాయి? వైట్ రంగు రావాలంటే ఆ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ అందాలి. మీ పోతు ఒకటి ఇచ్చింది. పెట్ట దగ్గర ఆ జన్యువే లేదు, ఎందుకంటే దాని తెలుపు వేరే చోటు నుంచి వచ్చింది. కాబట్టి నాలుగు పిల్లల్లోనూ వైట్ లోపల దాక్కుని ఉంది, పైకి గ్రే. ఇలా పైకి కనబడకుండా లోపల మోసే పిట్టని ‘స్ప్లిట్’ అంటారు. మీ నాలుగూ స్ప్లిట్ వైట్‌లే, అందులో సందేహం లేదు. వాటిలో ఏదైనా పోతు ఉంటే దానిలో తల్లి తాలూకు సీఎఫ్‌డబ్ల్యూ కూడా దాగి ఉంటుంది. పెట్టల్లో మాత్రం అది ఉండదు. ఎందుకుండదో తెలియాలంటే మీ మొదటి కేజ్ దగ్గరికి రావాలి.

మనుషుల్లో అబ్బాయో అమ్మాయో తేల్చేది తండ్రి. పక్షుల్లో తల్లి. పోతుకి జెడ్ అనే క్రోమోజోములు రెండు ఉంటాయి. పెట్టకి ఒక జెడ్, ఒక డబ్ల్యు. తల్లి తన జెడ్ ఇస్తే కొడుకు, డబ్ల్యు ఇస్తే కూతురు. అంటే కూతురికి ఉన్న ఒక్క జెడ్ తండ్రి నుంచే రావాలి, వేరే దారి లేదు. ఫాన్, సీఎఫ్‌డబ్ల్యూ రెండూ ఈ జెడ్ మీద కూర్చున్న రంగులు. మీ ఫాన్ పోతు దగ్గర రెండు జెడ్‌లూ ఫాన్‌వే కాబట్టి కూతుళ్ళందరికీ ఫానే అందుతుంది, దాన్ని కప్పేయడానికి రెండో జెడ్ ఉండదు. అందుకే పెట్టలన్నీ ఫాన్. కొడుకులకి తండ్రి నుంచి ఫాన్, తల్లి నుంచి గ్రే. గ్రే బలమైనది కాబట్టి పైకి గ్రే, లోపల ఫాన్. మూడు, రెండు అన్న లెక్క మాత్రం యాదృచ్ఛికం. ఆ జత ఎన్నిసార్లు పెట్టినా కూతుళ్ళు ఫాన్, కొడుకులు స్ప్లిట్ ఫాన్ గ్రేలు. ఇంకా ఈకలు పూర్తిగా రాని పిల్లలోనే పోతు ఏదో పెట్ట ఏదో చెప్పేయొచ్చు, అదీ ఈ జతలో ఉన్న సుఖం.

దీన్నే తిరగేసి గ్రే పోతు, ఫాన్ పెట్ట పెడితే పిల్లలన్నీ గ్రేలే అవుతాయి. చాలామంది అక్కడే నిరాశపడి ‘ఫాన్ నిలబడలేదు’ అని పిట్టల్ని అమ్మేస్తారు. నిలబడకపోవడం కాదు, పోతు పిల్లలన్నిట్లోనూ దాగి ఉంది. జెడ్ మీది రంగుల్లో పెట్ట ఎప్పుడూ స్ప్లిట్ కాదు. దానికి ఉంటే పైకి కనబడుతుంది, కనబడకపోతే లేనట్టే. ఎవరైనా ‘స్ప్లిట్ ఫాన్ ఫిమేల్’ అని ఎక్కువ ధర చెబితే నవ్వి వచ్చేయండి. వైట్, పైడ్, పెంగ్విన్ లాంటి రంగులకి ఈ సూత్రం పనికిరాదు. వాటిలో పోతైనా పెట్టైనా స్ప్లిట్ కావచ్చు.

జుట్టు జత గురించి. రెంటికీ జుట్టున్న జత పెట్టకండి, విడదీసేయండి. జుట్టు జన్యువు ఒకటి ఉంటే అందం, రెండు పడితే పిల్ల గుడ్డులోనే చచ్చిపోతుంది. జుట్టున్న రెండింటినీ కలిపితే సగటున ప్రతి నాలుగు గుడ్లలో ఒకటి అలా పోతుంది, మీకు జరుగుతున్నది దాదాపుగా ఇదే. పైగా దానివల్ల లాభమూ లేదు. నూరు గుడ్లు అనుకోండి. రెండింటికీ జుట్టుంటే యాభై జుట్టు పిల్లలు, పాతిక మామూలువి, పాతిక చావు. ఒకదానికే జుట్టుంటే యాభై జుట్టువి, యాభై మామూలువి. జుట్టు పిల్లల లెక్క రెండు చోట్లా ఒకటే. ఇక్కడ జుట్టు పోతుకి గ్రే పెట్ట, జుట్టు పెట్టకి గ్రే పోతు పెట్టుకోండి. నున్నటి తలకాయ చూసి మొహం చిట్లించకండి.

అన్నా చెల్లెళ్ళని కలపడం గురించి అడిగారు. వద్దు. రంగు లెక్క ప్రకారం బాగానే కనబడుతుంది, స్ప్లిట్ ఫాన్ పోతు, ఫాన్ పెట్ట కలిస్తే కొడుకుల్లోనూ సగం ఫాన్‌లు వస్తాయి. కానీ రంగులు దాక్కున్నట్టే జబ్బులు, బలహీనతలు కూడా దాక్కుంటాయి. ఒకే తల్లిదండ్రుల పిల్లల్ని కలిపితే అవి జంటగా బయటపడతాయి. గుడ్లు పొదగకపోవడం, పిల్లలు చిన్నగా ఉండిపోవడం, గూట్లోంచి వచ్చాక రెక్క సరిగా లేవకపోవడం మొదలవుతుంది. మన ఊళ్ళో ఒక షాపులో కొన్న జత కూడా చాలాసార్లు ఒకే గూటివే అయి ఉంటాయి, అది అసలు ఎవరూ అడగని సంగతి. అందుకే పోతు గాజువాకలో కొంటే పెట్ట మధురవాడలోనో అనకాపల్లిలోనో పెంచేవాళ్ళ దగ్గర వెతకండి. మీ స్ప్లిట్ ఫాన్ పోతుకి బయటి ఫాన్ పెట్టని తెండి. ఫాన్ కొడుకులూ వస్తారు, రక్తమూ కొత్తది.

ఇక మీ పాప క్రీమ్ కోరిక. దానికి మీ ఇంట్లో సగం సరుకు ఇప్పటికే ఉంది. క్రీమ్ అంటే ఫాన్ మీద సిల్వర్ పడితే వచ్చే రంగు. బజార్లో ఎక్కువగా దొరికేది డామినెంట్ సిల్వర్, అంటే ఒక తల్లో తండ్రో ఇస్తే చాలు. మీ ఫాన్ పోతు పక్కన, దాని పాత గ్రే పెట్ట స్థానంలో, ఒక సిల్వర్ పెట్టని పెట్టండి. ఆ సిల్వర్ పెట్ట తల్లిదండ్రుల్లో ఒకటి మామూలు గ్రే అయి ఉండాలి, కొనేటప్పుడు అడగండి. అప్పుడు కూతుళ్ళలో సుమారు సగం క్రీమ్, సగం ఫాన్. కొడుకుల్లో సగం సిల్వర్, సగం గ్రే, అందరూ స్ప్లిట్ ఫాన్. మొదటి విడతలోనే క్రీమ్ చేతికొస్తుంది గానీ పెట్టలే వస్తాయి. క్రీమ్ పోతు కావాలంటే వచ్చే ఏడు ఆ క్రీమ్ కూతురికి వేరే ఇంటి ఫాన్ పోతుని వెతకాలి. అప్పుడు పోతుల్లోనూ పెట్టల్లోనూ సగం సగం క్రీమ్. ఈ ‘సగం’ అన్నది ఒక గూటిలో లెక్క సరిపోయేది కాదని పాపకి ముందే చెప్పండి. నాలుగు పిల్లలొచ్చి ఒక్క క్రీమూ రాకపోవచ్చు, నాలుగూ క్రీమే రావచ్చు.

ఫాన్ కుటుంబాన్నీ సీఎఫ్‌డబ్ల్యూ కుటుంబాన్నీ మాత్రం కలపకండి. రెండూ జెడ్ మీదే ఉన్నాయి. రెండు మూడు తరాల తర్వాత సీఎఫ్‌డబ్ల్యూ ఫాన్‌ని కప్పేసి, ఏది ఏదో పోల్చలేని వెలిసిన తెలుపు పుట్టుకొస్తుంది. మీ సీఎఫ్‌డబ్ల్యూ పెట్టకి వేరే ఇంటి మంచి గ్రే పోతుని ఇవ్వండి. వైట్ పోతుకి నిజమైన వైట్ పెట్ట అయినా సరే, స్ప్లిట్ వైట్ గ్రే పెట్ట అయినా సరే. నన్నడిగితే రెండోదే నా ఓటు. తరాల తరబడి తెలుపుకి తెలుపే కట్టుకుంటూ పోయిన చోట పిట్టలు చిక్కిపోయి, ముక్కు పాలిపోయి కనబడతాయి. మధ్యమధ్యలో ఒక దిట్టమైన గ్రే పడితే ఒళ్ళు నిలబడుతుంది. అసలు నా దృష్టిలో పెంపకానికి ఆధారం గ్రేనే. విచిత్రమైన రంగుకి వేలు పోసేవాళ్ళు దానికో మంచి గ్రే తోడు కొనడానికి వెనకాడటం చూస్తుంటాను.

లెక్కలు మనం వేసుకున్నా, పిట్టలకి వాటి ఇష్టాలు వాటికుంటాయి. జీబ్రా ఫించ్ పిల్ల తనని పెంచినవాళ్ళ రంగుని చూసి, పెద్దయ్యాక ఆ రంగు తోడునే కోరుకుంటుంది. వైట్ దంపతులు పెంచిన పోతు గ్రే పెట్ట వైపు చూడకపోతే దానికి జబ్బేమీ లేదు. 2015లో వెలువడిన ఒక జర్మనీ పరిశోధనలో, తమకు తామే ఎంచుకున్న జతలకు, మనుషులు కట్టబెట్టిన జతల కంటే 37 శాతం ఎక్కువ పిల్లలు బతికి బట్టకట్టాయి. కాబట్టి మీకు కావలసిన రంగు పోతులు రెండు ఉంటే, పక్కపక్క కేజ్‌ల్లో పెట్టి పెట్టకి పెళ్ళిచూపులు ఏర్పాటు చేయండి. అది ఎవరి కేజ్ వైపు వాలి కూర్చుంటుందో, ఎవరి పాటకి తోక ఆడిస్తుందో రెండు మూడు రోజుల్లో తెలిసిపోతుంది. మీ రంగుల పట్టికలో ఇద్దరూ సమానమైతే దాని మాటే వినండి.

ఒకసారి జత మారిస్తే వెంటనే గూడు పెట్టకండి. పెట్ట ఒంట్లో పాత పోతు వీర్యం దాదాపు రెండు వారాల వరకు నిలవ ఉండి గుడ్లని ఫలదీకరించగలదు. మీ ఫాన్ పోతుకి కొత్త పెట్టని తెచ్చినా, పాత పెట్టకి కొత్త పోతుని ఇచ్చినా, పెట్టని మూడు వారాలు విడిగా ఉంచాకే కుండ కట్టండి. లేకపోతే మొదటి గూటి పిల్లల తండ్రెవరో తెలీక మళ్ళీ నాకు ఉత్తరం రాస్తారు. ఒకే పెద్ద కేజ్‌లో నాలుగైదు జతలు వదిలేవాళ్ళు రంగుల గురించి మాట్లాడటమే దండగ, అక్కడ పెట్టలు ఒకదాని గూట్లో ఇంకోటి గుడ్డు పెట్టేస్తాయి కూడా. మీరు ఒక కేజ్‌కి ఒక జతే ఉంచడం చాలా మంచి పని. పిల్లల కాళ్ళకి గూటికో రంగు రింగు వేసి, నోటుబుక్కులో తల్లి, తండ్రి, తేదీ రాసుకోండి. రింగు రంగు విషయంలో ఒక సరదా సంగతి. ఎర్ర రింగు వేసిన పోతుల్ని పెట్టలు ఎక్కువ ఇష్టపడతాయని 1980ల్లో పరిశోధకులు రాశారు, తర్వాత చాలామంది అదే ప్రయోగం చేస్తే ఆ ఫలితం రాలేదు. నేనైతే చూపులప్పుడు రెండు పోతులకీ ఒకే రంగు రింగు ఉంచుతాను, గొడవ ఉండదు.

మేపు, కాలం గురించి రెండు ముక్కలు. పెట్ట వయసు కనీసం ఎనిమిది నెలలు దాటాలి. ఏడాదికి రెండు, మహా అయితే మూడు గూళ్ళు, ఆ తర్వాత కుండలు తీసేయండి. కుండ కనబడుతున్నంత కాలం జీబ్రా గుడ్లు పెడుతూనే ఉంటుంది, దానికి ఆపడం తెలీదు. మన వైజాగ్ ఏప్రిల్, మే ఉక్కపోతలో ఆ పని అసలు వద్దు. కొర్రలు, సామలు ఎలాగూ వేస్తారు, కొంచెం చోళ్ళు కలపండి, గుడ్ల కాలంలో ఉడకబెట్టిన కోడిగుడ్డు చిదిమి పెట్టండి, సాయంత్రానికి మిగిలింది తీసేయండి. సున్నం కోసం సముద్రపు నురుగు (కటిల్‌బోన్) ముక్క కేజ్‌కి కట్టండి. బీచ్‌లో ఏరి తెచ్చిందైతే ఉప్పు పోయేదాకా నీళ్ళు మార్చి మార్చి నానబెట్టి, ఎండబెట్టాకే వాడాలి. అది లేకపోతే గుడ్డు అడ్డంపడి మంచి రంగు పెట్టలే ముందు పోతాయి. గూట్లో కొబ్బరి పీచు వేస్తే వేలెడు ముక్కలుగా కత్తిరించి వేయండి, పొడుగు పోగులు పిల్లల కాళ్ళకి చుట్టుకుంటాయి.

సైకిల్ అతని దగ్గరి ఆకుపచ్చ, గులాబీ పిట్టలు ఫించ్‌ల్లో కొత్త రంగులు కావు. మన పొలాల్లో, కంబాలకొండ పొదల్లో తిరిగే మునియాలనే, అంటే జీనువాయిలనే, పట్టి రంగునీళ్ళలో ముంచి అమ్ముతుంటారు. రెక్క విప్పి చూస్తే ఈక మొదట్లో అసలు రంగు తెలిసిపోతుంది, ఈకలు రాలి కొత్తవి వచ్చాక పూర్తిగా బయటపడుతుంది. కానీ రెక్క విప్పి చూసేదాకా వెళ్ళకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు మునియాల్ని పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో ఉంచడం అన్నీ నేరమే. జాలిపడి కొన్నా అతను రేపు ఇంకో పదిటిని పట్టుకొస్తాడు. అటవీ శాఖకి ఫోన్ చేసి చెప్పండి, అతను ఏ వీధిలో, ఏ వేళకి వస్తాడో కూడా చెప్పండి.

చివరిగా మీ ఇంట్లో ఉన్న గ్రే పిల్లల సంగతి. ఇన్ని గ్రేలు ఎందుకని షాపుకి ఇచ్చేయాలనుకుంటున్నారేమో, తొందరపడకండి. ఫాన్ కేజ్ పోతులు రెండూ స్ప్లిట్ ఫాన్, వైట్ కేజ్ నాలుగూ స్ప్లిట్ వైట్. వాటిలో దృఢంగా ఉన్న పోతు ఒకటి, పెట్ట ఒకటి ఉంచుకోండి. మిగతావి మీలాగే పెంచుకునేవాళ్ళకి ఇవ్వండి, ఇచ్చేటప్పుడు ఏది లోపల ఏం మోస్తుందో, తల్లీ తండ్రీ ఏ రంగో ఒక చీటీ మీద రాసి కేజ్‌కి అంటించి ఇవ్వండి.